కోలారు బంగారుగనుల పట్టణము

మన పాలమూరువారు మట్టిపనికై దేశమంతట తిరిగినవారే. గుంపుమేస్త్రీ యొద్ద ముందుగా పైకము పుచ్చుకొని ఆనకట్టలకును బాటలకును పోవుట తిమ్మాజిపేట పెద్దలకు తెలియనిది గాదు. అయినను పని ముగిసినంతనే తిరిగివచ్చుటకు మనకొక ఊరున్నది. పనికొఱకే పుట్టి, ఆ పని పోయిన పిమ్మటను నిలిచియున్న పట్టణమొకటి చూచి వచ్చితిని. అది కర్ణాటకమున కోలారు జిల్లాలోనిది.

బెంగళూరికి తూర్పుగా ఇంచుమించు నూరు కిలోమీటర్ల దూరమున, చెట్టు పలుచనైన మెట్టభూమిలో నున్నది. ఆషాఢమున అచ్చటి గాలికి తలపాగ నిలువదు. చిత్తూరు సీమ దాపున నుండుటచే తెలుగు తఱచుగా వినబడును. గనులలో దిగినవారిలో మాత్రము తమిళులు మెండు.

1880లో జాన్ టేలర్ అను ఇంగ్లీషు కంపెనీవారు పని పూనిరి. బంగారమన్న మనకు తళతళలాడు కడ్డీ తలపునకు వచ్చును. అచ్చట అట్లు గాదు. నల్లరాతి నడుమ పలుగురాతి పొరలు; వానిలో కంటి కానని రేణువులు. ఆ రాతిని పగులగొట్టి పైకి దెచ్చి, పిండిగా దంచి, పాదరసముతోను సైనైడు నీటితోను బంగారమును వేఱుచేసెడివారు. తొలినాళ్లలో టన్ను రాతికి 47 గ్రాములు, అనగా నాలుగు తులములు వచ్చెడిది. తుదకు పావుతులమునకు దిగెను.

యంత్రములకు కట్టెలు చాలవయ్యెను, బొగ్గు బహుదూరము. కావున కావేరినదిపై శివనసముద్రము కడ జలపాతమున విద్యుత్తు పుట్టించి, 147 కిలోమీటర్లు తీగెలు సాగదీసి 1902లో గనులకు చేర్చిరి. బెంగళూరు వీథులకు విద్యుద్దీపములు 1905లో గాని రాలేదు! త్రాగునీరు బేతమంగళము చెఱువునుండి తెచ్చిరి. ఇల్లు, నీరు, దీపము, ఆసుపత్రి, సర్వము గనులను నమ్ముకొన్నదే.

ఇంతకును ఆ పని యెట్టిది? చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతు. అడుగున రాయి 60 డిగ్రీలకు మించి కాగుచుండును. మంచుయంత్రములతో చల్లబఱచిన గాలిని లోనికి పంపిననే గాని మనిషి నిలువలేడు. పైనున్న భూభారమునకు రాయి తనంత తానే ఫెళ్లున ప్రేలును. మందు పెట్టిన ప్రేలుడునకు తొలగి నిలువవచ్చును. దీనికి ముహూర్తము లేదు. అట్లు పోయినవారెందఱో.

1956లో మైసూరు ప్రభుత్వమువారు గనులను తీసికొనిరి. నూటయిరువది యేండ్లలో సుమారు 800 టన్నుల బంగారము వెడలినది. వచ్చు దానికంటె వ్యయము మిక్కుటమగుటచే 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడెను.

ఇప్పుడు అచ్చట కన్నులకు మొదట దోచునవి గుట్టలు. దేవుడు చేసినవి గావు. బంగారము పిండుకొని పాఱవేసిన సైనైడు ఇసుక కుప్పలు. గాలికాలమున ఆ ధూళి లేచి ఇండ్లలోనికి వచ్చును. వంటపాత్రలకు మూత తీయరాదు. 1964లో స్థాపించిన ప్రభుత్వ కర్మాగారమొకటి మాత్రము నడచుచున్నది. అందు బుల్డోజర్లు మొదలగు మట్టిపని యంత్రములు చేయుదురు. మన పాలమూరి పారలను మూలబెట్టిన యంత్రములకు పుట్టినిల్లు అట్టిచోటనే గదా యనుకొంటిని!

తక్కినవారికి బెంగళూరే దిక్కు. తెలవారకమునుపే వేలమంది రైలెక్కి పనికి బోయి, చీకటి పడిన పిమ్మట ఇల్లు చేరుదురు. తండ్రియు తానును గనిలో దిగితిమనియు, కొడుకు రైలెక్కుచున్నాడనియు మారికుప్పము స్టేషనులో ఒక వృద్ధుడు నాతో జెప్పెను. ఇల్లు విడిచి యేల పోరని యడిగితిని. ఆయన గుట్టవైపు చూచి, తలగుడ్డ బిగించుకొని, బండి వచ్చు వేళయైనదని లేచెను.