టేకు కలపలో 'చేవ': ద్రవ్యలక్షణం, అర్థవిస్తరణ

వ్యాససంగ్రహం
టేకు కలప విలువకు మూలం దాని చేవ. 'చేవ' అనే మాట నేటి వ్యవహారంలో ఎక్కువగా బలం అనే అర్థంలో వినిపిస్తుంది. కలప లక్షణాలను పరిశీలిస్తే అది ప్రధానంగా మన్నికను సూచించే పదమని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: టేకు, చేవ, రసదారువు, మన్నిక, వడ్రంగం, టేకుమట్ల.

1. ఉపోద్ఘాతం
జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని టేకుమట్ల పేరులోనే టేకు పలుకు వినిపిస్తుంది. ఈ జిల్లాలోని ఆకురాల్చు అడవులలో టేకు ముఖ్యవృక్షం. గోదావరి చేరువలోని మహదేవ్‌పూర్ అడవులు టేకుకు పేరుపొందాయి. దీని శాస్త్రీయనామం టెక్టోనా గ్రాండిస్.

2. చేవ ఏర్పడే తీరు
టేకు దుంగను అడ్డంగా కోస్తే వెలుపల పాలిపోయిన వలయం, లోపల బంగారు గోధుమవన్నె భాగం కనిపిస్తాయి. వెలుపలిది రసదారువు, వేళ్లు పీల్చిన నీటిని పైకి చేర్చేది ఇదే. లోపలిది చేవదారువు. చెట్టు పెరిగేకొద్దీ లోపలి కణాలు క్రమంగా చనిపోతాయి. ఆ దశలో వాటిలో టెక్టోక్వినోన్ వంటి రసాయనాలు చేరుతాయి. చెదలు, బూజు ఈ భాగాన్ని సులభంగా పాడుచేయలేకపోవడానికి ప్రధాన కారణం ఇవే. రసదారువుకు ఈ రక్షణ లేదు.

3. లక్షణాలు, ఉపయోగాలు
ఆరిన టేకు ఘనపు మీటరుకు సుమారు 650 కిలోలు తూగుతుంది. పాశ్చాత్యులు మెచ్చే తెల్ల ఓక్ ఇంతకంటె బరువైనది. అయితే పచ్చికర్ర పూర్తిగా ఆరేసరికి, వార్షికవలయాల వెంబడి తెల్ల ఓక్ 10 శాతానికి పైగా కుంచించుకుపోగా, టేకు సుమారు 6 శాతమే కుంచించుకుపోతుంది. అందుకే టేకు తలుపులు, ద్వారబంధాలు వానకూ ఎండకూ అంతగా వంకర తిరగవు. ఓక్‌లోని టానిన్లు తడి తగిలితే ఇనుప మేకులను తినేస్తాయి. టేకుతో ఆ బెడద తక్కువ. పడవల నిర్మాణంలో టేకుకు దక్కిన గౌరవానికి ఇదొక కారణం. టేకులోని సిలికా వల్ల ఉలి, రంపం త్వరగా మొద్దుబారడం మాత్రం వడ్రంగికి ఇబ్బందే.

టేకు అన్ని పనులకూ తగినది కాదు. దెబ్బలకు ఓర్చవలసిన బండిచక్రానికి తుమ్మ, తేలికగా చెక్కవలసిన నిర్మల్ బొమ్మకు పొనికి వాడటం మన వృత్తికారుల ఎరుకకు నిదర్శనం.

4. చేవ: అర్థవిచారణ
'చేవ గలవాడు', 'చేవ చచ్చినవాడు' అనే పలుకుబళ్లలో చేవ అంటే సత్తువ. కానీ బరువు మోసే శక్తిలో టేకు రసదారువుకూ చేవదారువుకూ పెద్ద తేడా ఉండదు. తేడా అంతా కాలానికి నిలవడంలోనే ఉంది. పైగా చెట్టులో జీవకణాలున్నది రసదారువులోనే. జీవం పోయిన చేవ మాత్రం తరాలపాటు నిలుస్తుంది. కాబట్టి మనిషికి అన్వయించినప్పుడు కూడా ఈ మాటకు కండబలం కంటె, ఎదురుదెబ్బలకు చెడకుండా నిలిచే గుణమే దగ్గరి అర్థం.

5. ముగింపు
ఈ భేదం నేటి గృహనిర్మాణానికీ అవసరమే. పొలంగట్ల మీద పెంచి లేతవయసులో నరికిన టేకులో రసదారువు పాలు ఎక్కువ. దానిని చేవతో సమానంగా ఎంచి గుమ్మానికి వాడితే చెదల పాలయ్యే ప్రమాదం ఉంది. కొనేవారు చూడవలసింది టేకు అనే పేరును కాదు, కోసిన అంచున కనిపించే చేవ పాలును. నిఘంటుకారులు, అధ్యాపకులు 'చేవ'కు బలమనే అర్థంతో ఆగక, వడ్రంగి ఎరిగిన ఈ మూలార్థాన్ని కూడా వివరిస్తే పదంతోపాటు దాని వెనుకనున్న వృత్తిజ్ఞానమూ నిలుస్తుంది.