నాలుగవ అంతస్తున వినబడిన భాష

తాను ఎట్లు మాటలాడునో తనకు బాగుగా తెలియునని ప్రతి మనుష్యుడును నమ్మును. అడిగినచో సంకోచము లేక సమాధానము చెప్పును. ఆ సమాధానమున వంచన యేమియు నుండదు. అయినను, అతడు ఏమరి మాటలాడుచున్నప్పుడు చెవియొగ్గి విన్నవారికి, తాను పలుకుదునని అతడు చెప్పినదానికిని నిజముగా పలికినదానికిని నడుమనున్న దూరము ఆశ్చర్యము గొలుపును. జనులు భాషను ఎట్లు వాడవలెనో విధించుట లాక్షణికులు అనాదిగా చేయుచున్న పని. వారు ఎట్లు వాడుచున్నారో ఓపికతో కనుగొనుట మాత్రము ఇటీవలి శాస్త్రము, పైకి తోచునంత సులభమైనదియు గాదు. కలము కాగితము చేతబట్టి యెదుట కూర్చుండి, ‘మీరు మాటలాడుడు, నేను వ్రాసికొందును’ అన్నంతనే ఎంతటివాడైనను సర్దుకొని, పదములను ఏరికోరి పలుక నారంభించును. ఎవరును గమనింపనప్పటి మాటతీరే పరిశోధకునకు కావలసినది. గమనింపక దానిని పట్టుకొను దారియో లేదు.

ఈ చిక్కును విలియం లబోవ్ విడదీసిన తీరు, నాకు తెలిసినంతలో, భాషాపరిశోధన చరిత్రలోని మిక్కిలి అందమైన ఘట్టములలో నొకటి. 1927లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున జన్మించి, ఏండ్ల తరబడి సిరాల తయారీలో రసాయనికుడుగా పనిచేసి, పిదప కొలంబియా విశ్వవిద్యాలయమున భాషాశాస్త్రము నభ్యసించిన ఆయన, న్యూయార్కు నగరవాసులు అచ్చు తరువాత వచ్చు రేఫమును ఒకప్పుడు పలుకుటయు, ఒకప్పుడు విడుచుటయు ఏల యని విచారించెను. ఇంగ్లండు పలుకుబడి ననుసరించి రేఫమును విడుచుటయే ఆ నగరమున చిరకాలము మర్యాదగా చెల్లినది. రెండవ ప్రపంచయుద్ధానంతరము గాలి మారి, పలుకుటయే గౌరవలక్షణ మయ్యెను. పండితులు దీనిని యాదృచ్ఛికముగా జరుగు తడబాటుగా త్రోసిపుచ్చుచుండగా, ఇందొక క్రమము దాగియున్నదని లబోవ్ శంకించెను.

1962వ సంవత్సరము నవంబరు నెలలో ఆయన మూడు పెద్ద అంగళ్ళకు పోయెను. సాక్స్ ధనికుల అంగడి. మేసీస్ మధ్యతరగతి వారిది. యూనియన్ స్క్వేరు చెంతనున్న క్లైన్ చౌకబేరము కోరువారిది. తాను పరిశోధకుడనని చెప్పుకొనలేదు. సరకు కొనవచ్చినవానివలె పనివారిలో నొకరిని సమీపించి, నాలుగవ అంతస్తులోనే యున్నవని ముందే యెఱిగిన వస్తువులను గూర్చి, ‘స్త్రీల పాదరక్షలు ఎక్కడనండీ?’ యని యడుగును. ‘ఫోర్త్ ఫ్లోర్’ అని సమాధానము వచ్చును. సరిగా వినబడనట్లు కొంచెము ముందునకు వంగి, ‘ఏమండీ?’ యనును. అవతలివారు ఈసారి ఒత్తి, స్పష్టముగా, ఆ మాటనే మఱల చెప్పుదురు. లబోవ్ నాలుగడుగులు వేసి, కనుమఱుగైన పిమ్మట గుర్తులు వ్రాసికొనును. రెండు పదములు, రెండు మారులు, నాలుగు రేఫములు, అంతియే. తమ భాషను ఎవరో పరీక్షించుచున్నారను తలంపు ఆ పలికినవారికి లేశమును లేదు.

ఇట్లు ఆయన విన్నది 264 మందిని. రేఫమును పూర్తిగా గాని కొంతగా గాని పలికినవారు సాక్స్‌లో నూటికి 62 మంది, మేసీస్‌లో 51 మంది, క్లైన్‌లో ఇంచుమించు అయిదవ వంతు. ఈ భేదమునకు జీతముల హెచ్చుతగ్గులు కారణము గావు. తాము నిత్యము సేవించు కొనుగోలుదారుల గౌరవమును పనివారు తమకు తెలియకయే తమ నాలుకపైకి తెచ్చుకొనుచున్నారు. ఇంతకంటెను నన్నాకర్షించునది రెండవ సమాధానము. మేసీస్ పనివారు మఱల చెప్పునప్పుడు ‘ఫ్లోర్’ అను మాట చివరి రేఫమును మొదటిసారికంటె చాల హెచ్చుగా పలికిరి; సాక్స్ వారిలో ఆ మార్పు స్వల్పము. మంచి పలుకుబడి యేదో నడిమి తరగతివారికి తెలియును, దానికై వారు ప్రాకులాడుదురు, ఏమఱినప్పుడు మాత్రము అది వారిని విడిచిపోవును. ఒక్క అక్షరము చాటున ఇంతటి మానసికవ్యథ యుండునని ఏ వ్యాకరణమును చెప్పలేదు.

1966లో వెలువడిన తన బృహద్గ్రంథమునకై ఆయన నగరపు తూర్పు పేటలో ఇల్లిల్లు తిరిగి, శబ్దగ్రాహక యంత్రముతో సంభాషణలను సేకరించెను. యంత్రము నెదుట బిగిసికొన్నవారిని, ఎన్నడైనను ప్రాణాపాయమున చిక్కితిరాయని యడుగుచుండెడివాడు. ఆ కథ చెప్పు ఆవేశమున వారు యంత్రమును మఱచి తమ సహజభాషలోనికి జాఱుచుండిరి. మీరెట్లు పలుకుదురని సూటిగా నడిగినప్పుడో, తాము పలుకునట్లుగాక, పలుకవలెనని తలచునట్లు చెప్పుచుండిరి.

మాటకును వ్రాతకును గల యెడమును కొలుచుట దీనికి తోబుట్టువు వంటి పరిశోధన. భాషావేత్త రాండొల్ఫ్ క్వర్క్ 1959లో ఆరంభించి లండనులో నడపిన ఆంగ్లభాషా వాడుక సర్వే పది లక్షల పదములను లక్ష్యముగా పెట్టుకొని, అందు సగము వ్రాతనుండియు, సగము మాటనుండియు సేకరించినది. తెలుగువారికి ఈ యెడమును గూర్చి వేఱుగ చెప్పవలసిన పని లేదు. ఈ వ్యాసమునందలి క్రియారూపములను చదువరులెవరును ఇంట పలుకరు. వ్రాయుచున్న నేనును పలుకను. వ్యావహారికముకొఱకు పోరాడిన గిడుగు వేంకట రామమూర్తిగారిని మనము ఉద్యమకారులుగనే స్మరింతుము గాని, పర్లాకిమిడి ప్రాంతమున సవరల మాటను వారి నోటనే విని నేర్చి, 1931లో ఆ భాషకు వ్యాకరణమును, 1938లో కోశమును వెలువరించిన శ్రోత ఆయన యని మఱచుచున్నాము. ఆ వినెడి శ్రద్ధయే ఆయన వాదమునకు బలమైనదని నా విశ్వాసము. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశము, 1962లో వ్యవసాయపదములతోను 1971లో చేనేతపదములతోను, రైతుల వద్దను సాలెల వద్దను సేకరించిన మాటకు గ్రంథగౌరవము కలిగించినది.

అయినను, ఏది ఒప్పు ఏది తప్పను వివాదమునకు మనము వెచ్చించిన శ్రమలో కొంతయైనను, ఒకే మనిషి నోట మాట మాఱు తీరును వినుటకు వెచ్చింపవలసియున్నది. ఇంట ‘ఏడికి పోతున్నవ్’ అను కరీంనగరము యువకుడు కచేరీలో ‘ఎక్కడికి వెళ్తున్నారు’ అనును. ఎవరి యెదుట, ఏ వయస్సున, ఎంత శ్రమపడి అనుచున్నాడో లెక్కింపదగిన విషయము. శకారమును సకారముగ పలుకుట చదువులేమికి గుర్తని మనలో ననేకులు తలంతురు గదా. శనివారము సంత జరుగు ఊరొకటి యెన్నుకొని, పండ్ల బండివానిని, కిరాణాకొట్టు యజమానిని, బ్యాంకు గుమాస్తాను ‘సంత ఏ వారమండీ?’ యని యడుగవచ్చును. చెప్పిన పిదప, వినబడనట్లు ‘ఏ వారము?’ అని మఱల నడుగవచ్చును. మొదటిమారు ‘సనివారం’ అన్నవారిలో రెండవమారు ‘శనివారం’ అన్నవారెందఱో, వారు ఏ అంగడివారో వ్రాసికొనుటకు ఒక కాగితమును, ఒక శనివారపు పూటయు చాలును.