తాతయ్య అంబాసిడర్‌కు ఐదో గేరు వేయొచ్చా?

రొంపిచెర్ల నుంచి మాట్లాడుతున్నా. ఈ మధ్య ఎక్కువమంది తమ్ముళ్ళు అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఇంట్లో పాత అంబాసిడర్ ఉంది. స్టీరింగ్ గేరు, నాలుగే గేర్లు. ఐదు గేర్ల బాక్సు, కొత్త వెనక ఆక్సిల్ వేయించి హైదరాబాద్ దాకా తోలొచ్చా?" అని. వేయించొచ్చు. కాకపోతే రెండూ వేయాలా, ఒకటి చాలా, అసలు చట్టం ఒప్పుకుంటుందా అన్నది ముందు తేల్చుకోవాలి. తేల్చుకోకుండా బండి విప్పితే అది షెడ్డులోనే ఉండిపోద్ది.

ఈ లెక్క నేను ఊరికే వేయలేదు. మా బాబాయి దగ్గర 1974 మోడల్ మార్క్ 2 ఉంది. మా తాతయ్య కొన్న బండి. చుట్టుపక్కల కారు అనేదే అరుదైన రోజుల్లో, నొప్పులొచ్చిన ఆడవాళ్ళను నరసరావుపేట ఆస్పత్రికి చేర్చింది అదే. మా చిన్నత్త పుట్టినప్పుడు మా నాయనమ్మ వెళ్ళింది కూడా దాంట్లోనే. ఇప్పుడు బాబాయి ఒకటే మాట: "రోడ్డు మీద నడిస్తే ఉంచుతా, లేకపోతే తూకానికి అమ్మేస్తా." అందుకని కూర్చుని లెక్క తీశాం.

ముందు అసలు బాధ ఏంటో చూద్దాం. పాత అంబాసిడర్‌ను 80లో తోలితే ఇంజను మొత్తుకుంటుంది. కారణం వెనక ఆక్సిల్‌లో ఉన్న క్రౌన్, పినియన్. క్రౌన్‌కు 41 పళ్ళు, పినియన్‌కు 9 ఉంటే నిష్పత్తి 4.55. అంటే చక్రం ఒక్కసారి తిరగాలంటే షాఫ్ట్ నాలుగున్నర సార్లు తిరగాలి. నాలుగో గేరులో షాఫ్ట్ ఎన్నిసార్లు తిరిగితే ఇంజను అన్నిసార్లే తిరుగుద్ది.

మీ బండి నిష్పత్తి ఎంతో విప్పకుండానే కనుక్కోవచ్చు. ముందు చక్రాలకు రాళ్ళు పెట్టండి. బండి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వదిలేయండి, ఎందుకంటే అది పట్టేది వెనక చక్రాలనే. ఒక వెనక చక్రాన్ని మాత్రమే జాకీతో లేపి కింద స్టాండు పెట్టండి. లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. ఈలోగా ఇంకొకళ్ళు షాఫ్ట్ మీద సుద్దగీత పెట్టి అది ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి. ఆ అంకెే మీ నిష్పత్తి. రెండు చుట్లు ఎందుకంటే, ఒక చక్రం నేల మీద ఆగి ఉన్నప్పుడు డిఫరెన్షియల్ వల్ల రెండో చక్రం రెట్టింపు తిరుగుతుంది.

ఇప్పుడు 80 కిలోమీటర్ల వేగానికి లెక్క చూడండి. చక్రం చుట్టుకొలత సుమారు 2.05 మీటర్లు అనుకుందాం. అప్పుడు చక్రం నిమిషానికి 650 చుట్లు తిరుగుతుంది.

ఉన్నది ఉన్నట్టు 4.55తో: ఇంజను 2,960 చుట్లు.
ఆక్సిల్ మాత్రమే మార్చి 3.9 వేస్తే: 2,535.
ఆక్సిల్ అదే ఉంచి, 0.85 నిష్పత్తి ఉన్న ఐదో గేరు వేస్తే: 2,515.
రెండూ మారిస్తే: 2,155.

చూశారా? ఆక్సిల్ ఒక్కటి మార్చినా, గేర్‌బాక్సు ఒక్కటి మార్చినా హైవే మీద దాదాపు ఒకటే ఫలితం. కానీ ఆక్సిల్ మారిస్తే ఆ తేడా అన్ని గేర్లకూ పడుతుంది. ఫస్ట్ గేరులో లాగుడు 14 శాతం తగ్గిపోద్ది. నలుగురిని ఎక్కించుకుని కోటప్పకొండ ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఆ 14 శాతం ఎక్కడికి పోయిందో క్లచ్చు వాసన చెబుతుంది. గేర్‌బాక్సు మారిస్తే కింది గేర్లు పాతవాటికి దగ్గరగా ఉండేది చూసుకోవచ్చు, ఐదోది అదనం. ఇక రెండూ మారిస్తే ఇంజను మరీ నెమ్మదిస్తుంది. పాత 1489 సీసీ ఇంజనుది సుమారు 50 గుర్రాల బలం. చిన్న ఎత్తు వచ్చినా నాలుగులోకి దిగాల్సిందే. అప్పుడు ఐదో గేరు పేరుకే.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళే 1990ల మొదట్లో అంబాసిడర్‌లో ఇసుజు 1817 సీసీ ఇంజను, ఐదు గేర్ల ఫ్లోర్ షిఫ్ట్ బాక్సు పెట్టి అమ్మారు. అందుకే చాలామంది ఆ బాక్సు కోసమే వెతుకుతారు. గుర్తుంచుకోండి, అది ఇసుజు ఇంజనుకు పుట్టిన బాక్సు. పాత ఇంజను వెనక బోల్టులతో కలవదు. మధ్యలో అడాప్టర్ ప్లేటు చేయించాలి. ఆ ప్లేటు వెంట్రుకవాసి పక్కకు జరిగినా బాక్సు ముందు బేరింగ్ తినేస్తుంది. డయల్ గేజ్ పెట్టి చూసే లేతు మేస్త్రి దగ్గరికే వెళ్ళండి. మనకు దగ్గర్లో ఇలాంటి పనికి విజయవాడ ఆటోనగర్ ఉండనే ఉంది.

బాక్సు కొనేముందు ఇవి చూసుకోండి. క్లచ్ ప్లేటు పళ్ళు కొత్త షాఫ్ట్‌కు సరిపోవాలి. గేరు రాడ్డు ఫ్లోర్‌లో ఎక్కడికి వస్తుందో, అక్కడ ముందు సీటు అడ్డమో కాదో కొలవాలి. బాక్సు కింద క్రాస్ మెంబర్ కొత్తది కావాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు మారుతుంది, దాన్ని బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే కొలవాలి. జాకీ మీద లేపి కొలిస్తే కమాన్లు వేలాడి కొలత తప్పుద్ది. జారే జాయింట్‌లో అంగుళం దాకా ఖాళీ వదలండి. షాఫ్ట్‌ను బ్యాలెన్స్ చేయించకుండా బిగించొద్దు. 80లో షాఫ్ట్ ఊడి ముందు కొస నేలకు గుచ్చుకుంటే బండి పల్టీ కొట్టే ప్రమాదం ఉంది. దాని చుట్టూ ఇనప పట్టీ ఒకటి పెట్టించండి.

మరి ఆక్సిల్ మార్చక తప్పని బండ్లూ ఉంటాయి. హౌసింగ్ పగిలింది, క్రౌన్ పళ్ళు అరిగాయి, సామాను దొరకడం లేదు అనుకోండి. అప్పుడు డ్రమ్ము నుంచి డ్రమ్ముకు వెడల్పు, కమాన్ల ప్యాడ్ల మధ్య దూరం, చక్రం బోల్టుల వరస, హ్యాండ్ బ్రేకు తీగ, అన్నీ కొలవాలి. ప్యాడ్లు వెల్డింగ్ చేస్తే వేడికి హౌసింగ్ వంగుతుంది, తర్వాత నిటారుగా ఉందో లేదో చూపించాలి. గేర్‌బాక్సు ఫ్లాంజ్, పినియన్ ఫ్లాంజ్ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి, లేకపోతే వణుకు పోదు. హౌసింగ్‌లో క్రౌన్ పక్క మారితే మాత్రం మీ బండికి నాలుగు రివర్స్ గేర్లు, ఒక ముందు గేరు!

ఇంకో చిక్కు మీటరు. దాని తీగ గేర్‌బాక్సు తోక నుంచి వస్తుంది. 3.9 ఆక్సిల్ వేసి మీటరు గేరు మార్చకపోతే, మీరు 80లో పోతుంటే అది 69 చూపిస్తుంది. ఫోన్‌లో జీపీఎస్ పెట్టి సరిచూడండి. అదీగాక వేగం పెరిగినంత మాత్రాన బ్రేకులు పెరగవు. ఆ పాత బండికి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. ముందు బ్రేకులు, తర్వాతే ఐదో గేరు.

ఇక కాగితాల సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన అసలు వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీన్ని గట్టిగానే చెప్పింది. అదే ఏడాది సవరణతో అనుమతి లేని మార్పుకు ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. "గేర్‌బాక్సు ఆర్‌సీలో రాయరుగా" అని మీకు మీరే తీర్పు చెప్పుకోవద్దు. పని మొదలెట్టకముందే నరసరావుపేట రవాణా ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. ఇన్సూరెన్స్ కంపెనీకీ చెప్పండి.

1974 బండికి ఇంకో దారి కూడా ఉంది. 2021 రూల్స్ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించొచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. నంబరులో వీఏ అని వస్తుంది. అయితే ఛాసిస్, బాడీ, ఇంజను మార్చి ఉండకూడదు, రోజువారీ పనులకు తోలకూడదు. అంటే రోజూ తిరగాలా, వింటేజ్ నంబరు కావాలా అన్నది మీరే ఎంచుకోవాలి.

మా ఇంట్లో తేల్చుకున్నది ఇదీ. పాత ఆక్సిల్ అలాగే ఉంటుంది, సీళ్ళు, బేరింగులు కొత్తవి. బ్రేకులు మొత్తం కొత్తగా. ఐదు గేర్ల బాక్సు ఆఫీసు నుంచి జవాబు వచ్చాకే, అదీ ఫ్లోర్ కోయకుండా, వెల్డింగ్ లేకుండా బోల్టులతో కూర్చునేలా అయితేనే. విప్పిన పాత బాక్సును, స్టీరింగ్ గేరు రాడ్లతో సహా, ఆయిల్ పూసి గోనె సంచిలో కట్టి అటక మీద పెడతాం. రేపు ఎవరైనా మళ్ళీ అసలు రూపానికి తేవాలంటే ఒక్క బోల్టు కూడా వెతుక్కోనక్కర్లేదు.

లెక్కంతా విన్నాక బాబాయి తూకం మాట ఎత్తలేదు. "ముందు బ్రేకుల డబ్బులు ఎంతో చెప్పు" అన్నాడు. మీ ఇంట్లోనూ ఇలాంటి బండి ఉంటే, ఈ ఆదివారం ఒక సుద్దముక్క, జాకీ, స్టాండు తీసుకుని ఆ నిష్పత్తి లెక్కపెట్టండి. రూపాయి ఖర్చు లేదు. వచ్చే ఎపిసోడ్‌లో డ్రమ్ బ్రేకుల పని చూద్దాం. ఉంటా మరి!