ఊడ్చిన నారు

తాడేపల్లిగూడెము చుట్టుపట్ల వ్యవసాయము చేసిన పెద్దలకు నారు సంగతి నేను చెప్పనక్కరలేదు. ఆకుమడినుండి తీసి ఊడ్చిన నారు మరునాడే పచ్చగా నిలువదు. తలవాల్చి, పసుపుదేరి, చూచువారికి దిగులు పుట్టించును. క్రొత్తవేరు తన్నినగాని మూన తిరుగదు. అంతవరకు రైతు చేయదగినది నీరు పలుచగా నిలిపి ఓర్చుకొనుటయే. ఏలూరునుండియు, కొల్లేటి లంకలనుండియు అమెరికాకు చదువబోవు పిల్లల మొదటి సంవత్సరము ఇట్టిదే.

మన పొరుగునగల భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారిని మీలో పెక్కుమంది యెరుగుదురు. మామగారి ధనసాహాయ్యము, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మనిధి యూత ఆధారముగా ఆయన 1922 అక్టోబరులో బోస్టను నగరము చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వైద్యమును చదువ మొదలిడిరి. మదరాసున వైద్యము నేర్చి వెళ్లినవారే. అయినను అక్కడ వైద్యుడుగా పనిచేయుటకు అనుమతి లేకపోయెను. అందుచే ఒక ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుడుగా కుదిరి, రోగుల మలమూత్రపాత్రలు కడిగిరి. ఆయనయే 1925లో ఫిస్కు అను ఆచార్యునితో కూడి, రక్తమునందును మూత్రమునందును భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. అది నేటికిని ఆ యిరువురి పేరనే వాడుకలో నున్నది. ఆయన 1948లో న్యూయార్కు రాష్ట్రమున మరణించిరి; మరల స్వదేశము చూడలేదు. ఆ కీర్తిని చెప్పుకొన్నంతగా, ఇంట నెదురుచూచిన ఆయన భార్య సంగతి మనము చెప్పుకొనము.

ఆనాడు ఉత్తరము ఓడమీద రావలెను. నేడు టెలిఫోను చేతిలోనే యున్నది. దానివలన మేలెంతో, చిక్కును అంతయే. మనకు రాత్రి తొమ్మిదిగంటలైనప్పుడు బోస్టనులో శీతకాలమున ఉదయము పదిన్నర, వేసవిలో పదకొండున్నర. అది పిల్లవాడు పాఠమున కూర్చుండు వేళ. మనము తెల్లవారి కాఫీ త్రాగుచు పిలిచినచో, వానికి అది ముందునాటి సాయంకాలము: వంట వండుకొని, మరునాటికి అప్పగింపవలసిన వ్రాతపని ముందు వేసికొన్న సమయము. అక్కడ పరీక్ష యొక్కటే లెక్కకు రాదు. వారము వారము చేసిన పనికిని మార్కులుండును. ఇతరుని వ్రాత తనదిగా చూపుట మహాదోషము. విద్యాలయమునుండి వెడలగొట్టినను గొట్టుదురు. డిసెంబరులో సాయంకాలము నాలుగున్నరకే చీకటిపడును. ఆ చీకటి, మంచు, ఒంటరితనము కలిసి మొదటి చలికాలమున గట్టివానినైనను క్రుంగదీయును.

ఇక ధనము సంగతి. నా తప్పు నేను చెప్పుకొందును. మా చేపలచెరువు తాకట్టుపెట్టి పంపిన మనుమని, వెళ్లిన రెండవ నెలలోనే, "అప్పునకు ఎప్పుడు పంపెదవురా?" అని యడిగితిని. వాడు సమాధానము చెప్పలేదు. తరువాత తెలిసినది: చదువు సాగుచుండగా విదేశీయ విద్యార్థి విశ్వవిద్యాలయపు ఆవరణలోనే, వారమునకు ఇరువది గంటలకు మించకుండ పనిచేయవలెను. మొదటి సంవత్సరము వెలుపలి దుకాణములలో పనిచేసినచో వీసాకే ముప్పు. ఆ ఇరువది గంటల కూలి భోజనమునకును గది అద్దెకును చాలిన చాలును, లేకున్న లేదు. నా మాటకు వెరచి వాడు చాటుగా ఒక అంగడిలో చేరబోయి, తోడి విద్యార్థి వారింపగా మానినాడట.

కావున అప్పు తీర్చు గడువును చదువు ముగిసిన పిదప లెక్కవేయుడు. అంతకు ముందు వడ్డీ యెవరు కట్టుదురో పిల్లవాడు విమానమెక్కకముందే ఇంట తేల్చుకొనుడు. ఇప్పుడు నేను ఆదివారము ఉదయమున మాత్రమే పిలుచుచున్నాను. వానికి శనివారపు రాత్రి. మొన్న వాడు తానుగా పప్పు మాడినదని చెప్పి నవ్వినాడు.