అంతియొకయలో పెట్టిన పేరు

‘క్రైస్తవులు’ అన్న మాట కొత్త నిబంధన మూలభాషలో మూడంటే మూడు చోట్లే కనిపిస్తుంది. ఆదిమ విశ్వాసులు తమను తాము సహోదరులనీ, శిష్యులనీ, పరిశుద్ధులనీ పిలుచుకున్నారు. క్రైస్తవులన్న పేరు మొదట వినిపించింది అంతియొకయలో (అపొ.కా.11:26). అది ఊరివాళ్లు పెట్టిన పేరేనన్నది చాలామంది బైబిలు పండితుల అభిప్రాయం.

అంతియొకయ రోమా సామ్రాజ్యంలో రోము, అలెగ్జాండ్రియాల తర్వాత అంతటి మహానగరం. ఇప్పుడది టర్కీలోని అంతాక్యా. 2023 ఫిబ్రవరి భూకంపంలో చాలావరకు నేలమట్టమైంది. ఆనాడు అక్కడి సంఘంలో ఎవరెవరున్నారో చూడండి. కుప్రకు చెందిన లేవీయుడు బర్నబా, ‘నల్లనివాడు’ అనే మారుపేరున్న సుమెయోను, ఆఫ్రికాలోని కురేనేవాడైన లూకియ, హేరోదుతో కలిసి పెరిగిన మనయేను! బాప్తిస్మమిచ్చు యోహాను తల తీయించిన హేరోదే ఇతడు. వీళ్లందరినీ ఒక్కచోట చూసిన ఊరికి పాత పేర్లేవీ సరిపోలేదు కాబోలు.

బర్నబా అక్కడి జనసంఖ్య చూసి మురిసిపోయి ఊరుకోలేదు. తార్సుకు వెళ్లి సౌలును వెదకి తెచ్చాడు. ఇద్దరూ ఒక సంవత్సరమంతా బోధించారు. మూడు రోజుల ఉజ్జీవ కూటాలకు పందిళ్లు చాలని మన ఊళ్లలో, ఏడాది పొడవునా సాగే వాక్య పఠనానికి ఎంతమంది కూర్చుంటున్నారు? కరవు రాబోతోందని అగబు ప్రవచిస్తే ఆ కొత్త విశ్వాసులు ఎవరి శక్తికొద్దీ వారు పోగుచేసి యూదయలోని సహోదరులకు పంపారు. పిల్ల సంఘం తల్లి సంఘాన్ని ఆదుకుంది.

అంతటి సంఘానికీ అసలు పరీక్ష భోజనాల దగ్గర ఎదురైంది. అన్యజనులతో కలిసి భోంచేస్తున్న పేతురు, యాకోబు దగ్గరనుంచి కొందరు రాగానే భయపడి పక్కకు తప్పుకున్నాడు. మిగతా యూదులూ అదే దారి పట్టారు. చివరికి ఏడాదిపాటు బోధించిన బర్నబా కూడా! ఇది చిన్న విషయమని పౌలు అనుకోలేదు. అందరి ఎదుటే పేతురును నిలదీశాడు (గలతీ.2:11-14).

ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె విరిచి తిన్నవాళ్లు పెళ్లి సంబంధం మాట రాగానే కులం అడగడం మన సంఘాల్లో కొత్తేమీ కాదు. ‘క్రైస్తవ వధువు కావలెను’ అన్న ప్రకటన కిందే కులం పేరూ ఉంటుంది. ఫలానా చర్చి ఫలానావారిదని ఊళ్లో చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఆ పేరూ ఊరివాళ్లు పెట్టిందే.