మలాశయ క్యాన్సర్: రేడియేషన్‌కు తోడుగా ఇమ్యునోథెరపీ

మలాశయ క్యాన్సర్ పేగు గోడ దాటినా, పక్కనున్న లింఫు గ్రంథులకు పాకినా సాధారణంగా నేరుగా ఆపరేషన్ చేయరు. ముందు అయిదారు వారాలు రేడియేషన్, దానితోపాటు కీమో మందు ఇచ్చి, గడ్డ తగ్గాక శస్త్రచికిత్స చేస్తారు. ఈ వరసకు గట్టి ఆధారం 2004లో వెలువడిన జర్మనీ అధ్యయనం. దీనివల్ల క్యాన్సర్ అదే చోట తిరగబెట్టడం తగ్గింది. కానీ కోసి తీసిన భాగంలో ఒక్క క్యాన్సర్ కణమైనా మిగలనివారు నూటికి సుమారు 15 మందే. ఆ సంఖ్యను పెంచాలనే ఇమ్యునోథెరపీని జోడించి చూస్తున్నారు.

రేడియేషన్‌కు చచ్చే కణాల నుంచి ప్రొటీన్లు బయటపడతాయి. డెండ్రిటిక్ అనే రోగనిరోధక కణాలు వాటిని లింఫు గ్రంథులకు మోసుకెళ్లి టి-కణాలకు చూపిస్తాయి. టి-కణాలు దాడికి దిగగానే గడ్డ పీడీ-ఎల్1 అనే ప్రొటీన్‌ను పెంచుకుని, టి-కణాల మీదున్న పీడీ-1 అనే బ్రేకును నొక్కుతుంది. ఇమ్యునోథెరపీ మందు ఆ బ్రేకు పడనివ్వదు.

సిద్ధాంతం బాగుంది, ఫలితాలే ఒక్క తీరుగా లేవు. జపాన్‌లో కీమోరేడియేషన్ తర్వాత నివొలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఇస్తే, మామూలు రకం గడ్డలున్న 37 మందిలో 30 శాతానికి క్యాన్సర్ పూర్తిగా పోయింది. అమెరికాలో అదే తరహా మందు పెంబ్రొలిజుమాబ్ కలిపి చూస్తే పెద్ద తేడా కనిపించలేదు. చైనాలో అయిదు రోజుల రేడియేషన్ తర్వాత అదే తరహా కామ్రెలిజుమాబ్, కీమో ఇచ్చినవారిలో 39.8 శాతానికి, పాత పద్ధతిలో 15.3 శాతానికి క్యాన్సర్ పూర్తిగా పోయింది. ఘనత అంతా ఇమ్యునోథెరపీదే అనలేం. ఆ రెండు బృందాలకు రేడియేషన్ తీరు, కీమో కూడా వేరు. ఇమ్యునోథెరపీ లేకుండానే అయిదు రోజుల రేడియేషన్, ఆపై కీమోతో రాపిడో అనే అధ్యయనం 28 శాతం మందిలో ఇదే ఫలితం సాధించింది. అయినా తక్కువ రోజుల రేడియేషనే ఇమ్యునోథెరపీకి మంచి జోడీ కావచ్చని నాకు అనిపిస్తుంది. వారాల తరబడి సాగే రేడియేషన్, మనం లేపాలనుకునే టి-కణాల వంటి లింఫోసైట్లనే ఎక్కువగా చంపుతుంది.

అన్నిటికన్నా ముందు తేలాల్సింది గడ్డ రకం. నూటికి అయిదు నుంచి పది గడ్డల్లో డీఎన్‌ఏ పొరపాట్లను దిద్దే ఎంఎంఆర్ ప్రొటీన్లు ఉండవు; మిగతావే పైన చెప్పిన మామూలు రకం. బయాప్సీ ముక్కకు రంగు వేసి చూస్తే ఆరోగ్యమైన కణాల కేంద్రకాలు గోధుమరంగులో, ఆ ప్రొటీన్ పోయిన క్యాన్సర్ కణాలవి నీలంగా కనిపిస్తాయి. ఇలాంటి గడ్డలున్నవారికి న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్‌లో ఆరు నెలలపాటు మూడు వారాలకోసారి డోస్టార్లిమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఒక్కటే ఇచ్చారు. 2022లో ఫలితాలు ప్రకటించిన 12 మందిలోనూ గడ్డ ఆనవాలు లేకుండా పోయింది. రేడియేషన్, ఆపరేషన్ రెండూ అక్కర్లేకపోయాయి.

ఈ మందులు థైరాయిడ్‌ను, పేగును దెబ్బతీయగలవు, ఖరీదూ ఎక్కువే. ఎంఎంఆర్ పరీక్ష మాత్రం మామూలు పాథాలజీ పరీక్షే. అందుకే మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు బయటపడితే, రేడియేషన్ మొదలుపెట్టకముందే ఎంఎంఆర్ పరీక్ష చేశారా అని డాక్టరును అడగండి.