ఆపద్వాహనమునందలి యక్షరసంకేతములు

పద్యకావ్యములు చదువువారికి "క.", "సీ.", "తే.", "శా." అను నక్షరములు క్రొత్తవి కావు. పద్యము మొదట "ఉ." అని యుండిన నది యుత్పలమాల యని బాలుఁడు కూడ నెఱుఁగును. "మ." అని యున్నచో మత్తేభమనియు, "మ. కో." అని యున్నచో మత్తకోకిల యనియు గ్రహించుచున్నాము. జాబులలోఁ బేరునకు ముందు వ్రాయు "చి.", "మ. రా. రా. శ్రీ." మొదలగునవియు నిట్టివే. వ్రాయువాఁడును జదువువాఁడును నొక్క శాస్త్రమునందో యొక్క యాచారమునందో కలిసి యుండుటచేతనే యీ పొట్టి యక్షరములు నిండు పదములై పలుకుచున్నవి. ఆ కలయిక లేనిచోట నవి మూఁగవోవును. లేదా, యంతకంటెఁ గీడుగా, వేఱొక యర్థమును బలుకును.

ఇట్టి సంకేతములు ప్రాణాపాయసమయమునఁ బ్రయోగింపఁబడునప్పు డేమగునో విచారించుట యీ వ్యాసమున నాకుఁ గల యుద్దేశము. రోగిని వైద్యశాలకుఁ గొనిపోవు 108 వాహనమునందలి సిబ్బంది వ్రాయు పత్రము నిందులకు లక్ష్యముగాఁ గైకొంటిని. స్థలముగా ఖానాపూరు ప్రాంతమును గైకొంటిని. పూర్వ మాదిలాబాదు జిల్లాలోనిదై, 2016 అక్టోబరు 11వ తేదినుండి నిర్మల్ జిల్లాలోఁ జేరిన యీ యూరు గోదావరి కుత్తరపుఁ దట్టున నున్నది. చేరువఁ గడెము వాఁగు. దాని కావల నుట్నూరు కొండలును నడవులును. ఇచ్చట సంతనాఁడు నిలుచుండిన తెలుఁగుతోపాటు గోండి, కొలామి, లంబాడి, ఉర్దూ, మరాఠీ భాషలు వినవచ్చును. ఒక భాషలోఁ బుట్టిన యక్షరము పలుభాషల నడుమ నెట్లు నలుగునో చూచుట కింతకంటెఁ దగిన తా వరుదు.

108 సేవ 2005 ఆగష్టులో హైదరాబాదున నారంభమై, పిమ్మట నాఁటి యుమ్మడి యాంధ్రప్రదేశమంతటను, ననేక యితర రాష్ట్రములకును వ్యాపించినది. దీని పేరే యొక సంకేతము. జనులు "నూట యెనిమిది" యని కొందఱు, "వన్ నాట్ ఎయిట్" అని కొందఱు పిలుతురు. అష్టోత్తరశతమునకు మన దేశమున నున్న ప్రతిష్ఠ యీ యంకె జ్ఞాపకముండుటకుఁ గొంత తోడ్పడెనేమో! వాహనము నడుపువానికి "పైలట్" అని పేరు. రోగి ప్రక్కఁ గూర్చుండి చికిత్స చేయువాఁడు "ఇ. ఎం. టి.", అనఁగా నెమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్. అతఁడు రోగియొక్క స్థితిని వ్రాసి వైద్యశాలలో నొప్పగించు పత్రమునకు "పి. సి. ఆర్." అని వ్యవహారము, పేషెంట్ కేర్ రికార్డు అని విరివి. 2020లో మహమ్మారి వచ్చిన తరువాత "పి. సి. ఆర్." అన్నంతనే జనులకు ముక్కులోఁ బుల్ల పెట్టు పరీక్షయే స్ఫురించుచున్నది. పత్రము పేరునందే యర్థద్వయము చొచ్చినది కదా.

ఈ సంకేతము లన్నియు నొక్క జాతివి కావు. కొన్ని యాద్యక్షరములు మాత్రమే: "బి. పి." రక్తపు పోటు, "ఆర్. ఆర్." నిమిషమునకు శ్వాససంఖ్య, "జి. ఆర్. బి. ఎస్." వ్రేలికొన నెత్తురుతో నప్పటి కప్పుడు చూచు చక్కెర కొలఁత. కొన్ని లాటిను పదముల తునకలు: "స్టాట్" అనఁగా "వెంటనే", "పి. ఆర్. ఎన్." అనఁగా "అవసరమును బట్టి". వైద్యుని చీటీ తలపైఁ గనఁబడు "ఆర్-ఎక్స్" గుఱుతు "రెసిపె" యను లాటిను క్రియకు సంక్షేపము. "తీసికొనుము" అని దాని భావము. యూనానీ హకీములు తమ చీటీ తలపై "హువష్షాఫీ" యని వ్రాయుదురు. స్వస్థత నిచ్చువాఁ డాయనయే యని యర్థము. ఒకటి యాజ్ఞ, రెండవది ప్రార్థన. రెండును జీటీ తలపైననే. ఇఁక మూఁడవ జాతి, యక్షరములు కూడి పదమే యగునది. పల్లెలలో గర్భిణులను వెంటఁబెట్టుకొని వచ్చు "ఆశా" కార్యకర్త పేరు నాలు గాంగ్లపదముల మొదళ్లు కలిపి కూర్చినదైనను, మన చెవికి సంస్కృతశబ్దమై తోఁచుటచేత భాషలో నిలిచిపోయినది. పల్లెవా రిప్పు డామెను "ఆశమ్మ" యని పిలుచుచున్నారు. సంక్షేపమునకు స్త్రీప్రత్యయతుల్యమైన "అమ్మ" చేరుట శబ్దశాస్త్రజ్ఞులు గుర్తింపవలసిన విశేషము.

సంక్షేపమున మన పూర్వులను మించినవారు లేరు. పాణిని "అచ్" అను నొక్క మాటతో నచ్చుల నన్నింటిని, "హల్" అను నొక్క మాటతో హల్లుల నన్నింటిని బట్టినాఁడు. కాని యా మహర్షి సూత్రములందును నొక చిక్కు గలదు. అక్షరసమామ్నాయమున ణకారము రెండు తావుల నను బంధముగా వచ్చినది. కావున "అణ్" అన్నచోట మొదటి ణకారముదాఁకనా, రెండవదాని దాఁకనా యను సందేహము పుట్టును. సందేహము కలిగినంతమాత్రమున సూత్రము వ్యర్థము గాదు, వ్యాఖ్యానమువలన విశేషము తెలియును, అని పెద్దలు సమాధానము చెప్పిరి. ఆ సమాధానము పాఠశాలలోఁ జెల్లును. పరుగెత్తు వాహనమున వ్యాఖ్యానమునకుఁ దీరిక యెక్కడిది? ఈ భేదమే నా వాదమునకు మూలము.

ఉదాహరణములు చూతము. "ఆర్. టి. ఏ." అని పత్రమున నుండిన దారిమీఁది వాహనప్రమాదమని వైద్యు లెఱుఁగుదురు. నిర్మల్ పట్టణమున నెవరి నడిగినను, నది బండ్లు నడుపుటకు లైసెన్సు లిచ్చు కార్యాలయ మందురు. "ఎం. ఎల్. సి." యనఁగా వైద్యశాలలో, పోలీసులకుఁ దెలుపవలసిన వ్యవహారపు కేసు, వెలుపల శాసనమండలి సభ్యుఁడు. "రాత్రి ముగ్గు రెం. ఎల్. సి.లు వచ్చినారు" అను మాట విని నవ్వుకొనవచ్చును. కాని యా కేసు పత్రము న్యాయస్థానమునఁ గొన్నేండ్లకుఁ జదువఁబడును. అప్పుడు దాని నప్పటి భావముతో జదువువాఁడు కావలెను.

నవ్వులకుఁ దావులేని యుదాహరణ మొకటి గలదు. "ఓ. పి." యను రెండక్షరములు మన పల్లెలలోఁ దెలియనివారు లేరు. ఓ. పి. చీటీ యనఁగా వైద్యశాలలోఁ బడక లేకుండఁ జూపించుకొని యింటికిఁ బోవు రోగి తీసికొను చీటీ. ఆదిలాబాదు ప్రాంతము ప్రత్తి చేలకుఁ బ్రసిద్ధి. చేలకుఁ బురుగుల మందు తప్పదు. ఆ మందులలో నార్గనోఫాస్ఫరస్ అను నొక వర్గము దేహమునఁ జేరినచోఁ గంటిపాపలు సూదిమొనవలెఁ గుదించుకొనును, నోట జొల్లు కాఱును, చెమట పోయును, ఊపిరితిత్తులలో స్రావము నిండి శ్వాస నిలుచును. ఆ విషమునకును వైద్యులు వ్రాయు సంకేతము "ఓ. పి."యే. ఒక కల్పన చేసి చూతము. వాహనములో నిట్టి రోగి. ఇ. ఎం. టి. ఫోనులో వైద్యునకు "ఓ. పి. కేసు" అని చెప్పుచున్నాఁడు. ప్రక్కఁ గూర్చున్న యన్న దానిని విని, చీటీ వ్రాయించుకొని సాయంకాలమునకు మరలివత్తుమని యింటికిఁ గబురు చేయును. వైద్యునకు నర్థభ్రాంతి లేదు. అట్రోపిన్ మందు సిద్ధము చేయించును. భ్రాంతి పొందినవాఁ డన్న. అతఁ డప్పుడే తెలియఁజెప్పవలసిన సంగతి యొకటి గలదు: ఏ మందు డబ్బా, యెంత సేపైనది. తేలికపాటి కేసని తలఁచిన వాఁడు డబ్బా తెచ్చుటకు మరలిపోఁడు. "పురుగుల మందు విషము" అను మూఁడు తెలుఁగు మాటలు చెప్పుటకు రెండు క్షణములు చాలును.

ఇంతకంటె సూక్ష్మమైన విషయము "జి. సి. ఎస్." అనునది. 1974లో స్కాట్లండునందలి గ్లాస్గో నగరమున గ్రాహం టీజ్‌డేల్, బ్రయన్ జెన్నెట్ అను వైద్యు లిరువురు స్పృహ కొలుచుట కొక మానము నేర్పఱచిరి. కన్నుల కెక్కువలో నెక్కువ 4 గుణములు, మాటకు 5, అవయవముల కదలికకు 6. అన్నియు నున్న మొత్తము 15. ఏమియు లేకున్నను 3. పత్రమున "ఇ 4 వి 5 ఎం 6" అని వ్రాయుదురు. ఒక పంక్తిలో నొక ప్రాణి చైతన్యమంతయు నిమిడినది! తలకు దెబ్బ తగిలినవారిని బెద్ద వైద్యశాలకుఁ బంపుటయా, యచ్చటనే యుంచుటయా యను నిర్ణయమున నీ యంకె ముఖ్యము. 13 మొదలు 15 వఱకు స్వల్ప మనియు, 9 మొదలు 12 వఱకు మధ్యమ మనియు, 8 గాని యంతకుఁ దక్కువ గాని యైనఁ దీవ్ర మనియు వాడుక.

ఇందు "వి" యను నక్షరము భాషకు సంబంధించినది. తా నెవరో, యెచ్చట నున్నదో, యిది యే కాలమో చెప్పఁగలిగిన 5. తికమకగాఁ జెప్పిన 4. పొంతనలేని విడిమాట లైన 3. అర్థముగాని ధ్వనులు మాత్రమే యైన 2. ఏమియు లేకున్న 1. ఇప్పుడు కొలామి మాత్రమే తెలిసిన యొక ముదుసలి చెట్టుక్రిందఁ బడి తలకు దెబ్బ తగిలించుకొన్నదని తలఁతము. ఆమె తన పేరును, గూడెము పేరును, దాను బడిన తీరును జక్కఁగాఁ గొలామిలోఁ జెప్పుచున్నది. వినువానికిఁ గొలామి రాదు. అతని చెవి కవి "అర్థముగాని ధ్వనులు". 5 వ్రాయవలసినచోట 2 వ్రాసినచో మొత్తము 15 గాక 12 అగును. స్వల్పము మధ్యమ మగును. ఆ మూఁడు గుణములు పోయినవి రోగి బుద్ధినుండి కాదు, విన్నవాని భాషాజ్ఞానమునుండి. దీనికి విపర్యయమును గలదు, అది మఱింత యపాయకరము. ఆమె నిజముగాఁ గలవరించుచుండ, అది వారి భాష కాఁబోలునని 5 వ్రాయవచ్చును. గోండి, కొలామి తెలుఁగునకు జ్ఞాతులైన ద్రావిడభాషలే. అయినను జ్ఞాతిత్వ మర్థము తెలియుటకుఁ జాలదు.

మానకర్త లీ దోషము నెఱుఁగనివారు కారు. 2014లోఁ జేసిన సవరణలో, పరీక్షింప వీలులేని యంశమున కంకె వేయక "ఎన్. టి." అని వ్రాయవలెనని నిర్దేశించిరి. భాష తెలియకపోవుట యట్టి కారణములలో నొకటి. కాని ఖానాపూరువంటి తావున నంతకంటె సులభోపాయము చేతనే యున్నది. రోగి వెంట వచ్చిన బంధువునో, యాశమ్మనో "అవ్వ మాట ఎప్పటివలెనే యున్నదా?" యని యడిగిన నంకె సరిగాఁ బడును. మనుమని చెవి యిచ్చట యంత్రముకంటె మేలు.

వ్రాఁతయందలి దోషములు వేఱు. ఇన్సులిను మొదలగు మందుల మాత్రను జెప్పు "యూనిట్" అను మాటకు బదులు రోమను లిపిలోని "యు" అక్షరము మాత్రము వ్రాయువాడుక యుండెను. త్వరలో దాని నోరు మూసికొనిన నది సున్న యగును. 10 యూనిట్లు 100 అగును. అమెరికాలో వైద్యశాలలకు గుర్తింపు నిచ్చు జాయింట్ కమిషన్ అను సంస్థ 2004లో నిట్టి కొన్ని సంకేతములు వాడరాదని పట్టిక ప్రకటించినది. అందు "యు" యున్నది. 1 అని వ్రాయక 1.0 అని వ్రాయుటయు నున్నది, బిందువు కనఁబడకున్న నది 10 అగును గనుక. అందే మాగ్నీషియము సల్ఫేటు, మార్ఫీను సల్ఫేటు అను రెండు మందుల సంక్షేపములును నిషేధింపఁబడినవి. మొదటిది నిండుచూలాలికి రక్తపు పోటు పెరిగి మూర్ఛలు వచ్చినప్పుడు వాడునది. రెండవది తీవ్రమైన నొప్పికి వాడునది. రోమను లిపిలో రెండింటి సంక్షేపములకును భేద మొక్క చిన్న యక్షరము. మన ఛందస్సులో గురువును లఘువుగాఁ జదివిన గణము మాత్రమే చెడును.

జ్ఞాపకార్థము కూర్చిన సూత్రములను మాత్రము నేను మెచ్చుకొందును. "యమాతారాజభానసలగం" అను సూత్రము గణములను బట్టియిచ్చినట్లే, "శాంపుల్" అను మాట రోగి నడుగవలసిన ప్రశ్నలను వరుసగాఁ బట్టియిచ్చును: లక్షణము లేవి, ఏది పడదు, ఏ మందులు వాడుచున్నాఁడు, పూర్వరోగము లేవి, కడపట నేమి తినెను, ఏమి జరిగెను. సూత్రమున వరుసయే ప్రాణము. గుండె యాగినవారి విషయమున శ్వాసమార్గము, శ్వాస, రక్తప్రసారము అను క్రమమున "ఏ-బి-సి" యని చిరకాలము నేర్పిరి. 2010లో నమెరికను హృదయసంఘమువారు దానిని "సి-ఏ-బి" యని మార్చి, మొదట ఱొమ్ము నొత్తుట నారంభింపు మనిరి. అక్షరములు మూఁడు నవియే, క్రమభేదమే చికిత్సాభేదము.

స్పృహను ద్వరగాఁ జూచుటకు "ఏ-వి-పి-యు" అను మఱొక సూత్రము గలదు. దీనికిఁ దెలుఁగున "మే-పి-నొ-ని" యని నేను గల్పించి చూచితిని: మేలుకొని యున్నాఁడు, పిలిచిన బదులిచ్చును, నొప్పించినఁ గదలును, నిశ్చేష్టుఁడు. పాఠశాలలోఁ బిల్లలకుఁ బ్రథమచికిత్స చెప్పుపట్ల నిది నాలుక కెక్కును. అయితే యిందలి "పి" పిలుపు. ఆంగ్లసూత్రమునందలి "పి" నొప్పి. ఒకఁడు పిలువఁగాఁ గన్ను తెఱచినవాఁడు, మఱొకఁడు గిల్లఁగాఁ గదలినవాఁడు. కావున నీ తెలుఁగు సూత్రము నేర్చుకొనుటకే. పత్రమున "పిలిచినఁ బలికెను" అని పూర్తిగా వ్రాయవలయును.